బిల్లు మీద సరుకు పేరు: మిషన్‌లోనే కొట్టాలా, కంప్యూటర్ నుంచి ఎక్కించాలా, ఫోన్‌లో తెలుగులో పెట్టాలా?

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా మావయ్యకి జీడిపప్పు కొట్టుంది. కొత్త బిల్లింగ్ మిషన్ పెట్టిన వారానికే మందస నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని వెనక్కి వచ్చింది. ఇంట్లో పెళ్లని రెండు రకాల పప్పు కొంది. చీటీలో రెండు వరసల్లోనూ పేరు ఒకటే, ధర మాత్రం వేరు. "ఇదేటి బాబు, ఒకే పప్పుకి రెండు రేట్లేటి?" అంది. మావయ్య రెండు డబ్బాలూ తీసి చూపించి, చేతిలో గుండ్లు పోసి నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది.

తప్పు పేరు ఎక్కించడంలో జరిగింది. ఆ మిషన్ సరుకు పేరుకి 12 అక్షరాలే ఇస్తుంది. మిషన్ అమ్మిన కుర్రాడు ఇంగ్లీషు అక్షరాల్లో ‘జీడిపప్పు డబ్ల్యూ 240’ అని కొట్టాడు. జీడిపప్పుకి 10 అక్షరాలు, మధ్యలో ఖాళీ ఒకటి, తెల్ల గుండు అని చెప్పే డబ్ల్యూ ఒకటి. అక్కడికి 12 నిండిపోయాయి. అంకె ఎగిరిపోయింది. 210, 240, 320 మూడూ చీటీ మీద ఒకేలా పడ్డాయి. జీడిపప్పులో అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది. 240 అంటే 220 నుంచి 240 గుండ్లు, 320 అంటే 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, రేటు ఎక్కువ.

ఆ రోజు నుంచి ఈ పేర్ల పని నేనే చూస్తున్నాను. మా వైపు నలుగురైదుగురి కొట్లలోనూ చేశాను. మూడు దారులూ వాడాక నాకు తేలింది ఇది.

మొదటిది మిషన్ మీటలతోనే కొట్టడం. మిషన్‌కున్న తాళం ప్రోగ్రామ్ వైపు తిప్పి, ఒక్కో అక్షరానికి దాని కోడు నొక్కాలి. కోడు చాలా మిషన్లలో కంప్యూటర్లు వాడే పాత లెక్కే: పెద్ద ఎ 65, చిన్న ఎ 97, సున్నా 48, ఖాళీ 32. మావయ్య కొట్టుకి నేను అంకెని ముందుకి తెచ్చి ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘డబ్ల్యూ240 జీడి’ అని పెట్టాను. వరసగా 87, 50, 52, 48, 32, 74, 69, 69, 68, 73. పది అక్షరాల్లో పని అయిపోయింది, రెండు మిగిలాయి కూడా. కొన్ని మిషన్లలో కోడు బదులు పాత బటన్ ఫోన్ పద్ధతి ఉంటుంది. అది సులువనిపిస్తుంది గానీ ‘జీడి’ దగ్గరే విసిగిస్తుంది. ఆ మాటలోని ఇంగ్లీషు ఇ, ఇ, డి మూడూ 3 బటన్ మీదే ఉంటాయి కాబట్టి ఒక్కో అక్షరం అయ్యాక గీతని పక్కకి జరిపి మళ్లీ నొక్కాలి. నాకు కోడు పద్ధతే నచ్చింది, కాగితం చూసి తప్పు లేకుండా కొట్టొచ్చు.

ఈ దారిలో ఓపిక కావాలి. బిల్లు నెత్తి మీద కొట్టు పేరు, ఊరు, మన రాష్ట్రం కోడు 37తో మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీ నంబరు కూడా ఇలాగే కొట్టాలి. జీఎస్టీలో చిన్న వ్యాపారుల పథకమైన కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు, పన్ను వసూలు చేసే అర్హత తమకి లేదని తెలిపే వాక్యం కూడా పైన వేయాలి. అది ఇంగ్లీషులో 65 అక్షరాలు దాటుతుంది, 58 మిల్లీమీటర్ల కాగితం మీద వరసకి 32 అక్షరాల చొప్పున మూడు వరసలు తింటుంది. కానీ ఇదంతా ఒక్కసారి చేసే పని. మావయ్య ఇప్పుడు కొత్త సరుకు వస్తే ఎవరికీ ఫోన్ చేయకుండా తనే కొట్టుకుంటాడు. ఈ మాట నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే రెండో దారిలో ఇది పోతుంది.

రెండోది కంప్యూటర్‌లో జాబితా చేసి కేబుల్‌తోనో పెన్‌డ్రైవ్‌తోనో ఎక్కించడం. నరసన్నపేటలో ఒక కిరాణా కొట్టుకి నాలుగు వందల పైచిలుకు సరుకులు ఇలాగే ఎక్కించాం. అన్ని సరుకులున్న చోట మీటలతో కొట్టమనడం అన్యాయం. అయితే ఎక్సెల్ రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. 001 అన్న కోడుని 1గా మార్చేస్తుంది, ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. పేరు 12 అక్షరాలు దాటితే ఎక్సెల్‌లో నిండుగానే కనిపిస్తుంది, మిషన్‌లోకి వెళ్లాక తెగుతుంది. పక్క గడిలో అక్షరాల లెక్క వేయించి చూసుకుంటే ఈ బాధ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫైలు కొట్టు యజమాని దగ్గర ఉండాలి. అమ్మినవాడి ల్యాప్‌టాప్‌లో ఉండిపోతే ధర మారినప్పుడల్లా అతని కోసం కూర్చోవాల్సిందే.

మూడోది ఫోన్‌లో బిల్లింగ్ యాప్, పక్కన బ్లూటూత్ ప్రింటరు. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పాత మిషన్లలో తెలుగు ఎందుకు రాదంటే అవి 255 దాకానే కోడులు తీసుకుంటాయి. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు 3072 దగ్గర మొదలవుతుంది, ‘క’ 3093. అందుకే యాప్ మాటని బొమ్మగా మార్చి ప్రింటరుకి పంపుతుంది. ఇంగ్లీషు అక్షరం మామూలుగా 24 చుక్కల ఎత్తు, అంటే 3 మిల్లీమీటర్లు. ‘జీడిపప్పు’లో పైన గుడి, కింద పావత్తు రెండూ చదివేలా పడాలంటే 4, 5 మిల్లీమీటర్లు కావాలి. కాగితం ఎక్కువ పడుతుంది, బిల్లు నెమ్మదిగా వస్తుంది. పండగ ముందు గుంపులో ఆ ఆలస్యం తెలుస్తుంది. ఫోన్‌లో చార్జింగ్ లేకపోతే బిల్లూ లేదు.

అయినా నా మనసు ఈ దారి మీదే ఉంది. సరుకు కొన్నవాళ్లు చదవాల్సింది కదా చీటీ. ‘జీడిపప్పు గుండు 240’, ‘జీడిపప్పు బద్ద’ అని తెలుగులో పడితే మందస పెద్దావిడ బస్టాండు దాకా వెళ్లి తిరిగి రావాల్సిన పని లేదు. కొత్తగా కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు ‘పప్పు’ అన్న మాట వేయించి చూడండి. పావత్తు తెగిపోతే ఆ ప్రింటరు వద్దు.

మరి ఏది మేలు? ముప్పై నలభై సరుకులుండి, మిషన్ బాగానే ఉంటే మీటలతో కొట్టుకోండి, అంకె ముందు, పేరు తర్వాత. వంద దాటితే కంప్యూటరే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి తెలుగు యాప్.

ఏ దారి పట్టినా పేర్లన్నీ కాగితం మీద ఉంచుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి మావయ్య దగ్గర పాత మిషన్ ఉండేది, కరెంటు లేనప్పుడు పేర్లు నిలబెట్టే లోపలి బ్యాటరీ ఎన్నడూ మార్చింది కాదు. కరెంటు వచ్చి మిషన్ వెలిగించేసరికి పేర్లన్నీ పోయి వరసగా ‘డిపార్ట్‌మెంట్ 1, డిపార్ట్‌మెంట్ 2’ అని పడింది. ఏది ఏ ధరో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు గల్లా పెట్టె మూత లోపల అట్టముక్క అంటించి ఉంది. ఒక పక్క ఎ నుంచి జెడ్ దాకా కోడులు, రెండో పక్క 26 సరుకుల పేర్లు, మావయ్య చేతిరాతలో. కింద బ్యాటరీ మార్చిన తేదీ.