మోడెమ్ ముందు వినాలా, ముందు పంపాలా?

తాగునీటి పథకాల్లో పంప్ హౌస్‌కీ ఊళ్లలోని ఓవర్‌హెడ్ ట్యాంకులకీ మధ్య రేడియో మోడెములు (డేటాని గాలిలో పంపి, అందుకునే పరికరాలు) పెట్టేటప్పుడు యాంటెనా ఎత్తు, దిశ అందరూ బాగానే చూసుకుంటారు. సెట్టింగుల దగ్గరికి వచ్చేసరికి రెండు చోట్ల చెయ్యి ఆగుతుంది. సిగ్నల్ థ్రెషోల్డ్, అంటే మోడెమ్ వినడం మొదలుపెట్టే స్థాయి, ఎంత పెట్టాలి? ప్రయారిటీ ఆర్‌ఎక్స్‌కి (వినడానికి) ఇవ్వాలా, టీఎక్స్‌కి (పంపడానికి) ఇవ్వాలా? నేను చూసినంతలో ఈ రెండింటినీ విడివిడిగా తేల్చుకోబోతేనే చిక్కంతా వస్తుంది.

రిసీవర్ ఎంత బలహీనమైన సిగ్నల్‌ని చదవగలదో తయారీలోనే తేలిపోతుంది. ఏ స్థాయి దాటాక వినడం మొదలుపెట్టాలో చెప్పడమే మన చేతిలో ఉన్నది. ఆ స్థాయిని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 110 డీబీఎం అంటే ఒక వాట్‌లో వంద లక్షల కోట్లవ వంతు. థ్రెషోల్డ్ ఇంకా కిందికి దించితే దూరపు ట్యాంకు కూడా వినిపిస్తుందన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. నాకూ పుట్టింది.

ఒక పథకంలో పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ట్యాంకు కోసం థ్రెషోల్డ్ మైనస్ 115 పెట్టాం. పొద్దున మోటార్లు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే నాయిస్ (చుట్టూ ఉండే అక్కర్లేని రేడియో రొద) మైనస్ 121, ట్యాంకు సిగ్నల్ మైనస్ 98. ఇంకేం, బ్రహ్మాండం అనుకున్నాం. సాయంత్రం మోటారు ఆన్ చేయగానే ట్యాంకు లెవెల్ రావడం ఆగిపోయింది. మోడెమ్ మీద రిసీవ్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది. మోటారు వేగాన్ని మార్చి నడిపే వీఎఫ్‌డీ అనే పరికరం నుంచి వచ్చే నాయిస్ మైనస్ 108కి ఎక్కింది. అది థ్రెషోల్డ్‌ని దాటేసింది కాబట్టి మోడెమ్ ఆ రొదనే ఏదో సందేశం అనుకుని చదవబోయింది, ఆలోగా వచ్చిన అసలు సందేశం చేజారింది.

అందుకే దించడం కన్నా కొంచెం పైన పెట్టడమే మేలంటాను. కొలత మాత్రం మోటార్లన్నీ నడుస్తుండగా తీయాలి. నాయిస్‌కి కనీసం 5 డీబీ పైన, అన్నిటికన్నా బలహీనమైన ట్యాంకు సిగ్నల్‌కి కనీసం 5 డీబీ కింద పెట్టుకోవాలి. మా లెక్కలో అది మైనస్ 103. అయితే కనెక్టర్‌లోకి నీళ్లు దిగి సిగ్నల్ ఆరేడు డీబీ పడితే ఆ ట్యాంకు మళ్లీ మాయమవుతుంది. మరీ పైకి పెడితే వచ్చే నష్టం అదే. అందుకని యాంటెనాని వీఎఫ్‌డీ ప్యానెల్‌కి దూరంగా జరిపి, మోటారు కేబుల్‌కి షీల్డ్ వేయించి, నాయిస్‌ని మైనస్ 114కి దించాక థ్రెషోల్డ్ మైనస్ 107కి మార్చాం. నాయిస్ తగ్గించకుండా సెట్టింగు ఎన్నిసార్లు తిప్పినా ఇంత వెసులుబాటు రాదు.

ఇక ప్రయారిటీ. ఆర్‌ఎక్స్‌కి ఇస్తే, వస్తున్న సందేశం పూర్తయ్యేదాకా మోడెమ్ ఆగి, తర్వాత తనది పంపుతుంది. టీఎక్స్‌కి ఇస్తే సీరియల్ పోర్టులోకి డేటా రాగానే వినడం ఆపేసి పంపేస్తుంది. ట్యాంకులు వాటంతటవే అలారాలు పంపే పద్ధతైతే ఆర్‌ఎక్స్ తప్ప వేరే మాట లేదు, లేకపోతే ఒకటి మాట్లాడుతుండగా ఇంకొకటి మాట్లాడేస్తుంది. పంప్ హౌస్ పీఎల్‌సీ (పంపుల్ని నడిపే కంట్రోలర్) ఒక్కటే అడుగుతూ, అడిగిన ట్యాంకే జవాబిచ్చే పద్ధతైతే టీఎక్స్ పనిచేస్తుంది. అప్పుడు ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చూసుకునే బాధ్యత పూర్తిగా పీఎల్‌సీదే.

థ్రెషోల్డ్ నాయిస్‌లో మునిగి ఉన్నప్పుడు ఆర్‌ఎక్స్ ప్రయారిటీ ఇస్తే, రొద ఆగేదాకా పంపకుండా కూర్చునే మోడెములు కూడా ఉన్నాయి. అది చూసి ఆర్‌ఎక్స్‌ది తప్పనుకుని టీఎక్స్‌కి మార్చేస్తారు. పంపడం మొదలవుతుంది గానీ వినడం బాగుపడదు.

టీఎక్స్‌లో ఇంకో ప్రమాదం టైమౌట్, అంటే జవాబు కోసం పీఎల్‌సీ ఆగే గడువు. పీఎల్‌సీ, ట్యాంకులు మాట్లాడుకునే భాష మోడ్‌బస్, అందులో ఒక్కో విలువ ఉండే గడి రిజిస్టర్. సెకనుకి 9600 బిట్ల వేగంతో పది రిజిస్టర్ల మోడ్‌బస్ జవాబు 25 బైట్లు, గాలిలో సుమారు 30 మిల్లీసెకన్లు. రిపీటర్ (మధ్యలో అందుకుని మళ్లీ పంపే మోడెమ్) ఉంటే అదే సందేశం రెండుసార్లు గాలిలోకి వెళ్లాలి, మోడెములు పంపడానికీ వినడానికీ మధ్య మారే ఆలస్యం దానికి తోడు. పీఎల్‌సీ తొందరపడి మళ్లీ అడిగితే, వస్తున్న జవాబుని మోడెమే మధ్యలో నరికేస్తుంది. ఆర్‌ఎక్స్‌లో ఆ జవాబు బతుకుతుంది, కానీ మోడ్‌బస్ ఆర్‌టీయూ రీడ్ జవాబులో రిజిస్టర్ నంబరు ఉండదు. అదే ట్యాంకుని ఈలోపు వేరే రిజిస్టర్లు అడిగి ఉంటే, అడిగిన సంఖ్య కూడా అంతే అయితే, పాత జవాబు కొత్త ప్రశ్నకి అతుక్కుంటుంది. నీటి మట్టం ఉండాల్సిన చోట ప్రెషర్ కనిపిస్తుంది. కాబట్టి ప్రయారిటీ ఏదైనా టైమౌట్ ఉదారంగా ఇవ్వాలి. ఐదారు ట్యాంకుల పథకానికి ఒక్కో ట్యాంకుకి రెండు సెకన్లు ఇచ్చినా చుట్టు పూర్తవడానికి పది పన్నెండు సెకన్లే. ఓవర్‌హెడ్ ట్యాంకు అంతలో నిండిపోదు. నేనైతే ఆర్‌ఎక్స్‌తోనే మొదలుపెడతాను. టీఎక్స్‌కి మార్చాల్సి వస్తే ముందు సాయంత్రం మోటార్లు నడుస్తుండగా నాయిస్ మళ్లీ కొలుస్తాను.