బోర్డు మీద ఐదొందలు, నెలాఖరుకు ఏడు వేలు: నెల్లూరు, ఒంగోలు వెయిట్ లాస్ ప్యాకేజీలు

నెల్లూరు మాగుంట లేఅవుట్ అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డు అయినా బరువు తగ్గించే చోట్లు మూడు రకాలు: షేక్ పొడి డబ్బాలమ్మే న్యూట్రిషన్ సెంటర్లు, మెషిన్లు పెట్టి ఇంచులు తగ్గిస్తామనే స్లిమ్మింగ్ సెంటర్లు, డైట్ చార్టు కలిపి ఇచ్చే జిమ్ములు. బోర్డు మీద రాసే చేరే ఫీజు చూసి ఏది చవకో తేల్చలేం. నెలకు మొత్తం ఎంతవుతుందో చూడాలి.

డబ్బాతో మొదలుపెడదాం. అరకిలో డబ్బా, పూటకు 25 గ్రాములు అంటే 20 పూటలు. పొద్దున, రాత్రి తాగమంటారు కాబట్టి పదిరోజులకొకటి, నెలకు మూడు డబ్బాలు. స్కూపును అంచుకు గీయకుండా గోపురంలా ముంచితే ఎనిమిదో రోజుకే అడుగు కనిపిస్తుంది. డబ్బా రెండు వేలనుకుంటే ఆరు వేలు. పూటకు 300 మి.లీ. పాలు, నెలకు 18 లీటర్లు. లీటరు అరవై వేసుకున్నా ఇంకో 1,080. మూడు నెలలకు 21,240 రూపాయలు. పక్కన అంటగట్టే ప్రొటీన్ పొడి, టీ పొడి ఇందులో లేవు.

తగ్గరా అంటే తగ్గుతారు. పొడికి సుమారు 95 క్యాలరీలు, టోన్డ్ పాలకు 175, పూటకు 270. రెండు పూటలూ ఇవే తాగి మధ్యాహ్నం ఒక్కసారి అన్నం తింటే రోజు మొత్తం 1,200 దగ్గర ఆగుతుంది. బరువు దించేది ఆ కోతే, పొడిలో మహత్తేమీ లేదు. రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు నానిన పెసలు, గ్లాసు మజ్జిగ తీసుకున్నా క్యాలరీలు, ప్రొటీన్ దాదాపు అంతే వస్తాయి. ఖర్చు ముప్పై రూపాయల చుట్టుపక్కల, షేక్ అయితే 118. డబ్బా ఆపి మళ్లీ కారం దోశలకు, రాత్రి చేపల పులుసు అన్నానికి వచ్చాక ఏం తినాలో ఆ మూడు నెలల్లో ఎవరూ నేర్పరు. మా మార్కులు ఐదుకు రెండు.

మొదటి వారం రెండు మూడు కిలోలు దిగితే సంబరపడొద్దు. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ (పిండిపదార్థం) గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు పోయేది ఆ నీళ్లే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తగ్గాలి. రోజుకు 500 కోస్తే వారానికి అరకిలోకు కాస్త తక్కువే. గ్రూపులో ఫొటో పెట్టి రెండో ప్యాకేజీ అమ్మేది సరిగ్గా ఆ మొదటి వారంలోనే.

ఉచితంగా చేసే బాడీ చెకప్ మెషిన్ కూడా ఒంటిగుండా కొద్దిగా కరెంటు పంపి, నీళ్ల శాతాన్ని బట్టి కొవ్వును అంచనా కడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. ఎండలో నడిచొచ్చి మెషినెక్కితే వచ్చిన అంకెను చూసి డబ్బు కట్టొద్దు. పోల్చుకోవాలంటే ఎప్పుడూ పొద్దున్నే, పరగడుపున, అదే మెషిన్ మీద.

స్లిమ్మింగ్ సెంటర్లకు ఒక్క మార్కే. ఇక్కడ మోసమంతా టేపు దగ్గర. మొదటిరోజు భోంచేసొచ్చిన పొట్టకు వదులుగా, చివరిరోజు ఖాళీ కడుపున బిగించి కొలిస్తే కొవ్వు కరగకపోయినా రెండంగుళాలు తగ్గుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక, మీ టేపుతో మీరే కొలుచుకోండి. కొవ్వును చల్లబరిచే మెషిన్లు పెట్టినచోట మడతను కాస్త పలచన చేస్తాయేమో గానీ కాటా మీద బరువు దించవు. ‘పది కిలోల గ్యారంటీ’ కింద చిన్న అక్షరాల్లో ‘డైట్ పాటించినవారికే’ అని ఉంటుంది. ఈఎంఐతో ఇంకా చిక్కు: అప్పిచ్చేది ఫైనాన్స్ కంపెనీ, సెంటరు మూసేసినా కిస్తీ ఆగదు.

జిమ్‌కు మూడున్నర. ఏడాది ప్యాకేజీ చవగ్గా కనిపిస్తుంది గానీ రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు సగం మంది మానేస్తారు. మూడు నెలలకు కట్టి, మధ్యలో ఆపుకునే వీలుందేమో అడగండి. పర్సనల్ ట్రైనర్ ఫీజు వేరు. జిమ్ సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతమే. బిల్లులో పాత రేటుంటే నిలదీయండి.

నాలుగు మార్కులు మాత్రం డైటీషియన్‌కే. మొదటి కన్సల్టేషన్, తర్వాత నెలకోసారి ఫాలోఅప్, ఇంట్లో వండుకునే కూరలతోనే చార్టు. దీనికి ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) పరీక్షలు చేయించుకోండి. షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు పూట మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పకుండా ఏ ప్యాకేజీలోనూ చేరకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లకూ ఇదే మాట.

డబ్బు కట్టే ముందు మొత్తం ఖర్చు, సెషన్ల సంఖ్య, గడువు, మానేస్తే తిరిగిచ్చేదెంత, సీలు తీయని డబ్బా వెనక్కి తీసుకుంటారా అన్నవి బిల్లు మీదే రాయించుకోండి. బిల్లివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, సెంటరు హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.