కంపెనీ నాటి అంబాసిడరా, మామయ్య అంబాసిడరా, నా అంబాసిడరా?

భోగాపురంలో మా మామయ్యగారి దొడ్లో, రేకుల షెడ్డు కింద పదకొండేళ్ళు కదలకుండా ఉన్న అంబాసిడర్‌ను లారీ మీద విజయనగరం తెచ్చాం. దాని డాష్‌బోర్డు మీద చిన్న పంకా ఒకటి అప్పటికింకా ఉంది. మామయ్య ఎనభైలలో ఎక్కడో కొని, తానే రెండు మరలు బిగించి పెట్టుకున్నది. అన్నయ్య దాన్ని చూడగానే "ముందు దీన్ని తీసేయాలిరా, ఇది కంపెనీది కాదు" అన్నాడు. అన్నయ్య కొడుకు "ఏసీ పెట్టిస్తే దీని అవసరమే ఉండదు బాబాయ్" అన్నాడు. ఇద్దరూ తీసేయమన్నారు కానీ కారణాలు ఉత్తర దక్షిణాలు. బండి బాగు చేయించడం అనే పనిలో ఉన్న తగువంతా ఆ ఒక్క పంకా దగ్గరే బయటపడింది.

బండి 1976 నాటి మార్క్-3. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంటే జిల్లా కన్నా మా బండి మూడేళ్ళు పెద్దది. దాన్ని ఏ రూపానికి తేవాలి? అన్నయ్య మాట, కర్మాగారం గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే. వాడి కొడుకు మాట, బయటికి పాత బండి, లోపల కొత్త బండి. మూడో దారి కూడా ఉంది, దాన్ని మా ఇద్దరు వాదులూ లెక్కలోకి తీసుకోలేదు. మామయ్య చేతిలో చివరిసారి తిరిగినప్పుడు ఎలా ఉందో అలా ఉంచి, తుప్పును ఆపి, నడిచేలా చేయడం.

అంబాసిడర్ విషయంలో "అసలు" అన్న మాటే చేతికి చిక్కదు. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3గా పుట్టిన బండి 1950ల చివర హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ అయింది. 2014 మే దాకా తయారవుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఒళ్ళు పెద్దగా మారలేదు. కనుక ఒక ఏటి తలుపు ఇంకో ఏటి బండికి సరిపోతుంది, ఒక మోడల్ జాలీ ఇంకో మోడల్ ముక్కుకు అతుకుతుంది. మెకానిక్కులు కూడా చేతికి దొరికింది బిగించి పంపేశారు. మా మార్క్-3 ముఖానికి ఉన్నది మార్క్-4 జాలీ. కుడివైపు వెనక తలుపు ఏ బండిదో ఎవరికీ తెలియదు. కంపెనీ రూపానికి తేవడమంటే ముందు ఏది కంపెనీదో తేల్చుకోవాలి. ఆ వెతుకులాటకే అన్నయ్య నాలుగు నెలలు తిరిగాడు, ఆనందంగానే తిరిగాడు.

అన్నయ్య వాదనలో బలం ఉంది. చట్టం కూడా అటువైపే మొగ్గుతుంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక భాగం చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, ఒళ్ళు, ఇంజన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. బండి 1976ది కాబట్టి మాకు 2026 దాటగానే ఆ అర్హత వస్తుంది. ఇప్పుడు ఇంజన్ మార్చామా, ఆ తలుపు మూసుకుపోయినట్టే. అయితే అదే నిబంధన ఇంకో మాట కూడా చెబుతుంది. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు నడపరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం పూట పిల్లలను ఎక్కించుకుని రామతీర్థం వెళ్ళడం ఆ జాబితాలో లేదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోతే తిరగవచ్చు. నాకు బండి తిరగడం కావాలి, అన్నయ్యకు బండి నిలవడం కావాలి.

అన్నయ్య కొడుకు కోరిక ఇసుజు ఇంజన్. తొంభైలలో వచ్చిన 1817 సీసీ పెట్రోలు ఇంజన్ అది, ఐదు గేర్లు, గేరు కడ్డీ నేల మీద. మా బండిలో ఉన్నది 1489 సీసీ పాత బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్, నాలుగు గేర్లు, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే, అదే స్టీరింగ్ గేరు. ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది, కాదనను. అయినా ఇక్కడ నేను అన్నయ్య పక్షమే. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, స్టీరింగ్ గేరు తీసేసిన అంబాసిడర్ ముందు సీటులో ముగ్గురు కూర్చోలేరు. ఆ మధ్య చోటు కోసమే మేమందరం చిన్నప్పుడు కొట్టుకున్నాం.

కంపెనీ ఇంజనే ఉంచినా యథాతథంగా ఉంచడం కుదరలేదు. ఆ కాలపు ఇంజన్‌లు సీసం కలిసిన పెట్రోలుకు చేసినవి. వాల్వు కూర్చునే చోట అరుగుదల లేకుండా ఆ సీసం కాపాడేది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. కాబట్టి ఇంజన్ పై భాగం, అంటే హెడ్డు, విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించడం మంచిది. దాని మీద ఇప్పుడు 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పగులగొడుతుంది. పెట్రోలు గొట్టాలు, పంపులో డయాఫ్రం కొత్తవి వేయక తప్పదు. "కంపెనీ గొట్టమే కావాలి" అని పట్టుబట్టిన అన్నయ్య, ఆ గొట్టం నుంచి వేడెక్కే మానిఫోల్డ్ గొట్టాల మీదికి చుక్కలు పడటం చూసి మాట మార్చాడు.

రంగు దగ్గర మేము చాలా రోజులు ఆగిపోయాం. డిక్కీ మూత లోపలివైపు టింకర్ మేస్త్రి బ్లేడుతో మెల్లగా గీకాడు. పైన తెలుపు, దాని కింద లేత నీలం, దాని కింద బూడిద రంగు, అట్టడుగున ఎర్రటి ప్రైమర్. పాత ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉన్నదీ బూడిద రంగే. రంగు మారిస్తే రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి, మా మామయ్య రెండుసార్లు మార్చి ఒక్కసారీ చేయించలేదు. మేనకోడళ్ళ పెళ్ళిళ్ళకు, సిరిమాను పండుగకు మమ్మల్ని విజయనగరం తీసుకువచ్చింది లేత నీలం బండి. నా జ్ఞాపకంలో బూడిద రంగు అంబాసిడరే లేదు. కంపెనీ నిజం ఒకటి, ఇంటి నిజం ఇంకొకటి.

రంగు ఏదన్నది ఒకటి, ఏ జాతిదన్నది ఇంకొకటి. ఆ రోజుల్లో వేసింది ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ రంగు, షెడ్లలో డ్యూకో అంటారు. తిన్నర్ ఆవిరైపోతే అది ఆరిపోతుంది, రబ్బింగ్ కాంపౌండ్‌తో చేత్తో రుద్దితేనే మెరుపు వస్తుంది. మెరుపు కూడా లోతుగా, కాస్త మెత్తగా ఉంటుంది. గీత పడితే అక్కడికక్కడ కలిపేయవచ్చు, ఎందుకంటే కొత్త తిన్నర్ పాత పొరను కరిగించి తనలో కలుపుకుంటుంది. ఎండకు వెలిసిపోవడం, పెళుసుగా రాలడం దాని లోపాలు. ఇప్పటి టూకే రంగులో గట్టిపరిచే ద్రవం కలుపుతారు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది, అద్దంలా మెరుస్తుంది. అద్దంలా మెరిసే 1976 అంబాసిడర్‌ను చూస్తే నాకు కొత్త పళ్ళ సెట్టు పెట్టుకున్న తాతగారు గుర్తొస్తారు. అయితే సముద్రం గాలి తగిలే ఊళ్ళో బండి ఉంచేవారికి టూకేయే వేసుకోమని చెబుతాను. భోగాపురం షెడ్డులో మా బండి కింది అంచులు, తలుపుల అడుగు భాగం చేత్తో నొక్కితే చిప్స్‌లా విరిగాయి. ఉప్పు గాలి ముందు పట్టింపులు నిలవవు. తుప్పు కోసి కొత్త రేకు వేసిన చోట లోపలివైపు టూకే, పైకి కనిపించే ఒంటికి ఎన్.సి., ఇదీ మేం చేసింది. రంగు బూడిదే వేశాం, ఆర్‌సీ వల్ల. నాకు ఇంకా అలవాటు కాలేదు.

డిక్కీ మూత లోపల గీకిన ఆ చారెడు చోటును మాత్రం అలాగే వదిలేయమన్నాను. మూడు పొరలూ అక్కడ కనిపిస్తాయి.

బ్రేకుల విషయంలో కంపెనీ రూపం కోసం వాదించేవారితో నాకు సర్దుబాటు లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు, బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ ఒకటే, ఆ నూనె వెళ్ళే దారీ ఒకటే. ఎక్కడో ఒకచోట గొట్టం చితికితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, పెడల్ నేల దాకా దిగిపోతుంది. సాలూరు అవతల సుంకి ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదలడం మామయ్య బండిలో నేను స్వయంగా చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు, అత్తయ్య కళ్ళు మూసుకుని అమ్మవారిని తలుచుకుంటోంది. లారీల ఊరు సాలూరులో ఒక పాత మేస్త్రిని అడిగితే "గేరు పట్టుకుని దిగండి బాబూ, అప్పుడందరూ అలాగే దిగేవారు" అన్నాడు. నిజమే, కానీ అప్పుడు ముందు వెళ్ళే బండ్లూ అలాగే మెల్లగా దిగేవి. ఇప్పుడు ముందు వెళ్ళే కారు రెండడుగులలో ఆగగలదు, మనం ఆగలేం. తరువాతి అంబాసిడర్లలో వచ్చిన ముందు డిస్కు బ్రేకులు, రెండు దారుల మాస్టర్ సిలిండర్ వేయించాం. పాత డ్రమ్ములకు గ్రీజు పూసి, గోనె గుడ్డ చుట్టి, అటక మీద పెట్టాం.

ఆ గోనె మూట వల్లే అన్నయ్య ఊరుకున్నాడు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ ఒడంబడికలో కూడా దాదాపు ఇదే ఆలోచన ఉంది. మార్పు చేయక తప్పకపోతే వెనక్కి తిప్పడానికి వీలుగా చేయాలి, తీసిన ముఖ్యమైన భాగాలను బండితోనే దాచాలి. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. బొబ్బిలి వీణ ఉంది కదా, పనస దుంగ ఒక్కటే తొలిచి చేసే ఏకాండి వీణ. చేతులు మారినప్పుడల్లా తంతులు మారుస్తారు, మైనం కరిగించి మెట్లు మళ్ళీ నిలిపి మేళం కట్టిస్తారు, వాయించేవారి చెవికి తగ్గట్టు. కుండను, దండిని ముట్టుకోరు. అంబాసిడర్‌లో మరలతో బిగించినదంతా నాకు మేళం. కోసి అతికించాల్సినదంతా కుండ.

ఆ కొలతతో మిగతావి తొందరగానే తేలిపోయాయి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాం. గంటస్తంభం దగ్గర రద్దీలో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో సరిగా ఛార్జి ఇవ్వదు, దీపాలు గుడ్డి దీపాలవుతాయి. ఇది మరలతో వచ్చి మరలతో పోయే మార్పు. సీటు బెల్టులకు నేలలో రంధ్రాలు వేసి కింద గట్టి పలక పెట్టాలి, అది కుండను ముట్టుకోవడమే. అయినా పిల్లల కోసం ఒప్పుకున్నాను. ఏసీకి మాత్రం ఒప్పుకోలేదు. డాష్‌బోర్డు కోయాలి, రేడియేటర్ ముందు ఇంకో అడ్డు పెట్టాలి, అసలే వేసవిలో వేడెక్కే ఇంజన్ మీద ఇంకో బరువు. సీట్లకు పాత రెక్సిన్ రంగుదే కొత్తది వేయించాం, స్ప్రింగులు మాత్రం అవే. పాటల పెట్టె గురించి చర్చే లేదు, ఫోను ఉంది కదా.

మార్క్-3 జాలీ దొరికింది. కోల్‌కతా నుంచి పార్సిల్‌లో వచ్చింది. బిగించాక ముఖం నిజంగానే బాగుంది, ఈ ఒక్క విషయంలో అన్నయ్య శ్రమ వృథా కాలేదు. ఎవరిదో తెలియని ఆ కుడి తలుపును మార్చలేదు. ఆ తలుపు వేసేటప్పుడు వచ్చే చప్పుడు మిగతా మూడింటి చప్పుడు కన్నా వేరుగా ఉంటుంది, మామయ్య వచ్చారని ఆ చప్పుడును బట్టే మాకు తెలిసేది.

పంకా సంగతి ఇంకా తేలలేదు. వైరింగ్ కొత్తగా వేసినప్పుడు ఎలక్ట్రీషియన్ దానికీ ఒక తీగ లాగి, చివర టేపు చుట్టి వదిలాడు. రెండు మరల రంధ్రాలు డాష్‌బోర్డు మీద అలాగే ఉన్నాయి. పంకా మా ఇంటి బీరువాలో ఉంది. అన్నయ్య మధ్యాహ్నం పూట బండిలో ఓసారి విశాఖపట్నం వెళ్ళివచ్చి, దిగి, చెమట తుడుచుకుంటూ "అది తిరుగుతుందా ఇంకా?" అని అడిగాడు.