అక్కడే నిలదీయాలా, షీ టీమ్‌కు చెప్పాలా?

నల్గొండ బస్టాండ్‌లోనో, మహబూబ్‌నగర్‌లో కాలేజీకి పోయే దారిలోనో ఎవడైనా వేధిస్తే రెండు దారులు: అక్కడే నిలదీయడం, లేదా ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందం షీ టీమ్‌కు ఫిర్యాదు.

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: నిలదీయడానికి ఒక్క క్షణం ధైర్యం చాలు. "ఏందిరా, చెయ్యి తియ్!" అంటే బస్సంతా తిరిగి చూస్తది. ఫిర్యాదుకు తేదీ, చోటు, బండి నంబర్ రాసిపెట్టుకోవాలి. మెసేజ్‌లుంటే స్క్రీన్‌షాట్లు దాచాలి.

రిస్క్: జనంలో అరిస్తే చాలాసార్లు వాడే జారుకుంటాడు. ఒంటరి సందులో తిరగబడొచ్చు. అక్కడ వాదన వద్దు, మనుషులున్న దుకాణంలోకి పోయి 100కు ఫోన్ చెయ్యాలి. ఫిర్యాదులో అసలు టెన్షన్ ఇంటి గురించే. చదువు మాన్పిస్తారేమోనని ఎంతమంది చెల్లెళ్లు నోరు మూసుకున్నారో! తప్పు వాడిది, చదువు ఆగేది మనదా? 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్‌లు ఇప్పుడు జిల్లాల్లోనూ ఉన్నాయి, మఫ్టీలో తిరుగుతాయి. పేరు బయటికి రానివ్వొద్దని ముందే అడగండి. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు.

బస్సులో తగిలే చేతికి అరుపే మందు. రోజూ అదే మూల మీద కాపు కాసేవాడికి ఫిర్యాదే. అమ్మకు చెప్పలేకపోతే అక్కకో వదినకో చెప్పండి, స్టేషన్‌కు తోడు రమ్మనండి.