మూడు ఫ్రాంకుల మీటెన్ స్టాంపు: ఎర్రదే తీసుకోండి

ఆల్ప్స్ కొండలున్న పాత స్విస్ స్టాంపు కొనాలంటే అందరి కన్నూ పది ఫ్రాంకుల యుంగ్‌ఫ్రావ్ శిఖరం స్టాంపు మీదికే పోతుంది. నన్నడిగితే అదే వరుసలో వచ్చిన మూడు ఫ్రాంకుల మీటెన్ స్టాంపు, అంటే మీటెన్ అనే జంట శిఖరాల బొమ్మ ఉన్నది, ముందు తీసుకోండి. నేను తెప్పించుకున్నది 1918 నాటి ఎర్రది, తపాలా ముద్ర పడింది, వెయ్యి రూపాయల లోపే కడపకి చేరింది.

అసలు గొప్పతనమంతా ముద్రణలో ఉంది. చెక్కిన పలక నుంచి అచ్చు తీశారు కాబట్టి వేలికొసతో మెల్లగా తడిమితే సిరా గీతలు చేతికి తెలుస్తాయి, రంగు చూస్తే ఒక్కటే, అయినా గీతలు దగ్గరపడిన చోట నీడ, విడిపోయిన చోట ఎండ కనిపిస్తూ రెండు శిఖరాల బండలూ ఎత్తుగా లేచి నిలబడతాయి. లెన్స్ లేకుండా చూడకండి, సగం పోతుంది. బొమ్మ వేసింది యూజీన్ గ్రాసే. పుట్టింది లొజాన్‌లో, పారిస్‌లో పోస్టర్లతో పేరు తెచ్చుకున్నాడు. 1914లో ఇది ఆకుపచ్చ రంగులో వచ్చింది, ఎర్రది వచ్చేసరికి ఆయన లేడు, 1917లోనే పోయాడు.

కొండ కూడా బొమ్మకు తగ్గదే. రెండిట్లో పెద్దదైన గ్రోసర్ మీటెన్ ఎత్తు 1898 మీటర్లే, ఆల్ప్స్‌లో అది పెద్ద లెక్కేమీ కాదు, మన తూర్పు కనుమల్లోని అర్మకొండ కంటే కాస్త ఎక్కువ, కానీ ష్విజ్ ఊరి మీద నిటారుగా లేస్తుంది. పైభాగం ఎర్రటి సున్నపురాయి, అందుకే ఈ కొండకి ఎరుపే నప్పింది అంటాను. ఇంకో విశేషం, పాత రాయి వచ్చి తనకన్నా కొత్త రాతి పొరల మీద కూర్చుంది. పాతదంటే డైనోసార్ల కాలం నాటిది. మన పులివెందుల వైపు రాళ్లు వంద కోట్ల ఏళ్లు దాటినవి కాబట్టి రాళ్లంటే ఇష్టమున్న కడప వాళ్లకి ఈ స్టాంపు రెట్టింపు నచ్చుతుంది.

అమ్మినాయన మీద మాత్రం కోపమే. ముందువైపు ఫోటో ఒక్కటే పెట్టాడు, తీరా చేతికొచ్చాక వెనకాల ఒక మూల కాగితం పలచబడి ఉంది, ఆల్బంలో అంటించడానికి వాడే హింజ్ కాగితం పాత ముక్క కూడా అలాగే అంటుకుని ఉంది. అడిగితే జవాబు లేదు. స్టాంపుకి అయిదుకి అయిదు, అమ్మకానికి రెండు.

ముద్ర పడని ఆకుపచ్చది చాలా ఖరీదు, దాని జోలికి తొందరపడి పోకండి. ఎర్రదే అయినా వెనకవైపు ఫోటో పంపమని అడిగి, పంపాకే డబ్బు కట్టండి.