మోటో గుట్సి 850 టీ3తో పదిహేనేళ్ల కాపురం

ఇంగ్లండ్ వచ్చిన రెండో ఏడు, 2009లో, ఈ ఇటాలియన్ మోటార్ సైకిల్ కొన్నాను. 1977 నాటిది, నాకంటే ఒక ఏడాది పెద్దది. అమ్మిన పెద్దమనిషి దాన్ని షెడ్డులోంచి తోసుకొచ్చి, స్టార్టు చేసి, యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పాడు. నిలబడి ఉన్న బండి కుడి పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంది. చలికాలం పొద్దున్నే మా నాన్న బజాజ్ చేతక్‌ను పక్కకు వంచి, లేపి, కిక్కు కొట్టడం గుర్తొచ్చింది. దీన్ని వంచే పని కూడా లేదు, తనే వంగుతోంది అనుకున్నాను. ఇంజన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టు, బండి పొడవునా ఉండటం వల్ల వచ్చే గుణమట అది. రోడ్డెక్కాక తెలియనే తెలియదు. ఆ మాటకొస్తే చేతక్ కూడా వెస్పా అచ్చులో పుట్టిందే. వెస్పా చేసే పియాజియో చేతికే 2004లో గుట్సి కూడా వచ్చింది. మా నాన్నా నేనూ తెలియకుండానే ఒకే ఇంటికి అల్లుళ్లమయ్యాం.

ఇప్పటికి దీని మీద 68,000 కిలోమీటర్లు తిరిగాను. మొదటి మూడేళ్లు మాత్రం తిరిగింది తక్కువ, తిట్టుకున్నది ఎక్కువ. నాకు ముందు దీన్ని ఏలినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో మెరుగు దిద్దారు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి కార్బొరేటర్ల నోళ్లకు గరాటులు తగిలించారు. పెట్రోలును కొలిచి పంపే జెట్లు పెద్దవి వేశారు. పొట్టి సైలెన్సర్లు పెట్టారు. చప్పుడు ఘనం. ఊళ్లో మెల్లగా పోయే వేగంలో మాత్రం దగ్గు, ఆయాసం. నేనూ తక్కువ తినలేదు, ఇంకో సైజు జెట్లు కొని వేసి చూశాను.

మా చుట్టుపక్కల పాత గుట్సి బళ్లున్నవాళ్లు నెలకోసారి ఒక పబ్బు ముందు కలుస్తారు. అందులో లేతు పని చేసి రిటైరైన ఒక పెద్దాయన నా బండి శబ్దం రెండు నిమిషాలు విని, ఒకటే అడిగాడు: "ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఎప్పుడైనా నడిపి చూశావా?" చూడలేదు. ఒకరి అటక మీద ఫిల్టర్ పెట్టె దొరికింది, ఇంకొకరు పాత సైలెన్సర్లు ఇచ్చారు, మాన్యువల్‌లో ఉన్న జెట్లు నేను కొన్నాను. ఒక శనివారం అన్నీ బిగించాం. దగ్గు పోయింది. లీటరుకు 17 కిలోమీటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 844 సీసీ ఇంజన్‌లోంచి ఇంకేదో పిండాలన్న ఆశ నాకు ఆ రోజుతో తీరిపోయింది.

ట్యూనింగ్‌లో నేను నేర్చుకున్నదల్లా వరుస. ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు; తర్వాత పాయింట్లు, అంటే నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టులు; ఆ తర్వాత టైమింగ్, అంటే ఆ రవ్వ పడే క్షణం; చివరికి కార్బొరేటర్లు. చాలామంది చివరిదానితో మొదలుపెడతారు, ఎందుకంటే స్క్రూ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి. టాపెట్ బిగుసుకుపోయి ఉంటే కార్బొరేటర్‌ను ఎంత తిప్పినా ఏం లాభం? ఇంజన్ పూర్తిగా చల్లారాక, రెండు వాల్వులకూ 0.22 మిల్లీమీటర్ల సందు. సిలిండర్లు రెండూ చెవుల్లా బయటికి పొడుచుకొచ్చి ఉండటం వల్ల ట్యాంకు తీయనక్కర్లేదు. పీట వేసుకుని కూర్చుంటే టీ చల్లారేలోపు ఒక పక్క అయిపోతుంది. ఇంత సుళువుగా టాపెట్లు సెట్ చేసుకోగలిగే బండి నేను ఇంకొకటి చూడలేదు.

టైమింగ్ దగ్గర మాత్రం నా పరువు పోయింది. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం మీద డి, ఎస్ అని రెండు అక్షరాలుంటాయి. ఒకదానికి బదులు ఇంకొకటి పట్టుకుని ఎడమ సిలిండర్ సెట్ చేశాను. స్టార్టు నొక్కగానే తుపాకీ పేలినట్టు పేలి, పక్కింటావిడ కిటికీ తెరిచింది. డి అంటే డెస్ట్రా, కుడి. ఎస్ అంటే సినిస్ట్రా, ఎడమ. ఇటాలియన్‌లో నాకు వచ్చిన మొదటి రెండు మాటలు ఇవే.

అవి ఒకసారి పనికొచ్చాయి కూడా. 2019 సెప్టెంబరులో మండెల్లో దెల్ లారియోకు ఈ బండి మీదే వెళ్లాను. కోమో సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊళ్లోనే 1921 నుంచి గుట్సి కంపెనీ ఉంది. ఏటా ఆ నెలలో ఊరు ఊరంతా బళ్లే. ఫ్యాక్టరీ ఎర్ర గేటు ముందు ఫొటో కోసం వరుసలో నిలబడాలి. లోపల మ్యూజియంలో గుట్సి ఇంజనీరు కార్కానో గీసిన 1955 నాటి 500 సీసీ ఎనిమిది సిలిండర్ల రేసు బండి ఉంది. నా బండి ఇంజన్‌కు మూలం కూడా ఆయన గీసిందే. అంత చిక్కుముడి అల్లిన చేయి తర్వాత ఇంత సాదా ఇంజన్ ఎలా గీసిందో అని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. బయటికొచ్చేసరికి ఒక ముసలాయన నా ఇంజన్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడికి చెవి పెట్టి వింటున్నాడు. తల ఎత్తి "డెస్ట్రా" అన్నాడు, రెండు వేళ్లు కొద్దిగా ఎడం చేసి చూపించాడు. కుడి పక్క టాపెట్ వదులైంది. నిజమే.

మా బృందంలో క్లచ్ ప్లేట్లను మధ్యకు సరిచేసే పనిముట్టు ఒకటే ఉంది. పోస్టులో ఇల్లిల్లూ తిరుగుతుంది. డబ్బా మీద వాడినవాళ్ల ఊళ్ల పేర్లు వరుసగా రాసి ఉంటాయి. గుట్సి ఇంజనీరు లీనో తోంతి గీసిన ఫ్రేములో కింది గొట్టాలు ఊడి వస్తాయి. క్లచ్ పని ఉంటే ఇంజన్‌ను కింద ఉంచి, ఫ్రేమునే ఇద్దరు చెరో వైపు పట్టి పైకెత్తేస్తాం. ఒంటరిగా అయ్యే పని కాదు. నాకు ఎత్తి పెట్టినవాళ్ల ఇళ్లకు నేనూ వెళ్లి ఎత్తాలి, అదే కట్టుబాటు. ఆవకాయ అన్నం పెట్టి పంపిస్తానని నా దగ్గరికి రావడానికి మాత్రం ఎవరూ వెనకాడరు.

ఇక విసిగించేవి. టీ3లో 3 అంటే మూడు డిస్కు బ్రేకులు. పోత ఇనుము కాబట్టి రాత్రి వాన కురిస్తే పొద్దుటికి తుప్పు. రెండు సార్లు బ్రేకు వేస్తే పోతుంది లెండి. పెడల్ తొక్కితే వెనకదీ, ముందు ఎడమదీ కలిసి పడతాయి. ఇది మొదట్లో భయపెట్టింది, ఇప్పుడు వేరే బండి నడిపితే ఇది లేదని భయం. ఆయిల్ ఫిల్టర్‌ను ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే సంపులో దాచారు. అది మార్చాలంటే సంపు మొత్తం విప్పాలి. దీనికి నేను ఎవరినీ క్షమించలేదు. ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. నిర్లక్ష్యంగా ఒక చలికాలమంతా ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్ గిన్నెల్లో తెల్లటి పొక్కు కట్టింది. ఇప్పుడు ఇథనాల్ తక్కువుండే సూపర్ గ్రేడే పోయిస్తున్నాను.

కొనదలచినవాళ్లు ముందు సిలిండర్ల సంగతి అడగండి. ఆ కాలపు సిలిండర్ల లోపలి క్రోమ్ పూత వయసు మీద పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు ఆయిల్‌లో కలుస్తాయి. క్రోమ్‌కు బదులు నికసిల్ అనే గట్టి నికెల్ పూత ఉన్న సిలిండర్లు వేసిన బండి అయితే ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. నాది అదృష్టం, ముందాయన వేయించే ఉంచాడు. తాళం తిప్పి ఆఫీసుకు పోవడానికే బండి కావాలంటే ఇది వద్దు. ఆదివారం పొద్దున రెండు గంటలు ఖాళీ ఉండి, చేతికి గ్రీజు అంటితే చిరాకు పడనివాళ్లకు ఇది చవకలో దొరికిన గురువు.

వెనక చక్రానికి పోయే షాఫ్టు జాయింటు దగ్గర వారం నుంచి సన్నటి టకటక వినిపిస్తోంది. బేరింగ్ అని నా అనుమానం, కాదని పెద్దాయన అంటున్నాడు. శనివారం విప్పుతున్నాం. ఆవకాయ జాడీ ఇప్పటికే బయట పెట్టాను.