సీటీసీకీ ఫారం 16కీ తేడా ఎక్కడుందో చూపించే షీట్: మా పేరోల్ యాప్ చాన్నాళ్లు వాడాక

అటెండెన్స్, లీవులు, పేస్లిప్పులు ఇవన్నీ ఏ పేరోల్ యాప్‌లోనైనా ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. నాకు మా ఆఫీస్ యాప్‌లో నచ్చింది ఒక్కటే, యాన్యువల్ శాలరీ స్టేట్‌మెంట్. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలకో కాలమ్, చివర్లో ఆ లైన్ ఫారం 16లోకి (జీతమెంతో, పన్నెంత కోశారో చూపిస్తూ కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే సర్టిఫికెట్) వెళ్తుందా వెళ్లదా అని ఇంకో కాలమ్. ఆ చివరి కాలమ్ పెట్టినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

వైజాగ్ మధురవాడలో ఫ్లాట్‌కి హోమ్ లోన్ పెట్టాం. బ్యాంకులో మేడమ్ సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) రాసున్న ఆఫర్ లెటరూ 2024-25 ఫారం 16 పక్కపక్కన పెట్టి "ఇక్కడ 9 లక్షలు, ఇక్కడ 8,18,484, అకౌంట్లో చూస్తే ఏడున్నర కూడా లేదు, ఏది పట్టుకోమంటారు సార్?" అన్నారు. అక్కడే ఫోన్‌లో షీట్ తీశా. కంపెనీ కట్టే పీఎఫ్ 43,200, గ్రాట్యుటీ కింద చూపించేది 17,316, గ్రూప్ ఇన్సూరెన్స్ 9,000, ఈ మూడూ సీటీసీలో ఉంటాయి గానీ ఫారం 16 జీతంలోకి రావు. లెటర్‌లో వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) 60,000 అని ఉంది, కానీ ఆ ఏడాది చేతికొచ్చింది అంతకుముందు ఏడాదిది, అదీ 48,000, అంటే అక్కడో 12,000 తగ్గింది. అన్నీ కలిపితే 81,516, 9 లక్షల్లోంచి తీసేస్తే ఫారం 16 అంకె రూపాయితో సహా వచ్చేసింది. ఇక అకౌంట్ సంగతి, నా వంతు పీఎఫ్ మళ్లీ 43,200, ప్రొఫెషనల్ టాక్స్ నెలకి 200 చొప్పున 2,400, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) 25,320, ఇవన్నీ ఫారం 16 జీతంలో ఉన్న డబ్బే, కట్ అయ్యాక మిగిలింది 7,47,564. మేడమ్ కాలిక్యులేటర్ మీద ఒక్కో లైన్ కొట్టి చూసుకుని ఫైల్ ముందుకి పంపారు.

అన్నట్టు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్క కోసం జీతంలోంచి తీసేసే అంకె) 75,000 పోయాక వచ్చే అంకెని జీతం అని బ్యాంకులో చెప్పకండి, ఫారం 16 పార్ట్ బీలో జీతం చూపించే సెక్షన్ 17(1) లైన్ చూపించండి.

అయితే ఆ షీట్ ప్రింట్‌ని బ్యాంకు వాళ్లు అలాగే తీసుకోలేదు, హెచ్‌ఆర్ స్టాంప్ కావాలన్నారు, దానికి మళ్లీ తిరగాల్సొచ్చింది. ఇంకోటి, మా టీమ్‌లో ఒకబ్బాయి ఏడాది మధ్యలో హైదరాబాద్ నుంచి వచ్చి చేరాడు, పాత కంపెనీ జీతం వివరాలు ఫారం 12బీలో ఇవ్వమని యాప్ ఎక్కడా అడగలేదు. రెండు కంపెనీలూ ఎవరికి వాళ్లు 75,000 తీసేసి, తక్కువ పన్ను పడే కింది స్లాబుల నుంచి లెక్కేసి టాక్స్ తక్కువ కోశాయి, పాపం రిటర్న్ వేసేటప్పుడు మిగతాది వడ్డీతో సహా ఒకేసారి కట్టాడు. షీట్‌లో అతని లెక్క మాత్రం చక్కగా సరిపోయినట్టే కనిపించింది, నాకు కోపం వచ్చింది అక్కడే.

నాది ఏడాదంతా ఒకే కంపెనీ, న్యూ రిజీమ్ (కొత్త పన్ను విధానం), కాబట్టి నా వరకు 5కి నాలుగున్నర ఇస్తా. ఓల్డ్ రిజీమ్‌లో అద్దె చూపించేవాళ్లని అడిగితే, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు మొత్తం ఒక్క అంకెలో పడేస్తుందట, వైజాగ్‌కి బేసిక్ జీతంలో 40 శాతం పరిమితి లెక్క ఎక్కడ వేసిందో చూపించదట. అది కూడా లైన్ వారీగా పెట్టాలి, మిగతాదంతా ఇంత బాగా చేసినవాళ్లకి అదేం పెద్ద పని కాదు.